చిన్న మంచినీటి పఫర్ చేపలు: తొట్టిలో తోటి జీవుల ఎంపిక

పఫర్ చేపలు టెట్రాడాంటిడే కుటుంబానికి చెందినవి. బెదిరినప్పుడు నీళ్లు మింగి పొట్టను బంతిలా ఉబ్బించుకోవడం వీటి గుర్తు. ఈ కుటుంబంలోని సుమారు 200 జాతుల్లో ఎక్కువ భాగం సముద్రంలోనూ, నదీముఖాల ఉప్పుటేరుల్లోనూ ఉంటాయి. 30కి పైగా జాతులు మాత్రం జీవితమంతా మంచినీటిలోనే గడుపుతాయి. వాటిలో నిండా పెరిగినా వేలెడంత దాటనివాటిని అక్వేరియం పెంపకందారులు చిన్న మంచినీటి పఫర్లు అంటారు. ఒకే తొట్టిలో వీటితోపాటు ఏ చేపలు, రొయ్యలు, నత్తలు బతకగలవో, ఏవి బతకలేవో వివరించడం ఈ వ్యాసం పరిధి. నీటి గుణాలు, ఎండలు, దొరికే జీవులకు సంబంధించిన ఉదాహరణలు సూర్యాపేట జిల్లా చివ్వెంల పరిసరాల నుంచి తీసుకున్నవి.

పేరు, వర్గీకరణ

టెట్రాడాన్ అంటే గ్రీకులో నాలుగు పళ్లు. పై దవడలో రెండు, కింది దవడలో రెండు పళ్లు పలకల్లా అతుక్కుపోయి చిలుక ముక్కును తలపిస్తాయి. ఈ పలకలు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. పఫర్‌కు పొలుసులు ఉండవు, పక్కటెముకలు ఉండవు, పొట్ట కింది రెక్కలూ ఉండవు. ఒంటి మీద అక్కడక్కడా సన్నని ముళ్లు మాత్రమే ఉంటాయి. ఈ నిర్మాణంలోని ప్రతి అంశమూ తోటి చేపల ఎంపికను ఏదో ఒక విధంగా ప్రభావితం చేస్తుంది (చూ. ప్రవర్తన).

అక్వేరియం దుకాణాల్లో ‘పఫర్’ అన్న ఒక్క పేరుతోనే మూడు నాలుగు జాతులు అమ్ముడవుతాయి. పచ్చని వీపు మీద నల్లచుక్కలున్న డైకోటమిక్టెరి నైగ్రోవిరిడిస్ పిల్లలను మంచినీటి చేపగా అమ్మడం మామూలే. అది 15 సెంటీమీటర్లు దాటే చేప, పెద్దయ్యేకొద్దీ దానికి ఉప్పు కలిసిన నీరు కావాలి. వీపు మీద ఎనిమిది అంకె లాంటి గీత ఉండే డైకోటమిక్టెరి ఒసెల్లేటస్ కూడా కొద్దిపాటి ఉప్పదనం కోరేదే. ఈ రెండూ ఈ వ్యాసం పరిధిలోకి రావు. అయితే తోటి చేపల విషయంలో జరిగే పొరపాట్లలో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది: ఏ పఫర్‌ను తెచ్చామో తెలియకుండా దానికి జోడు వెతకడం.

చరిత్ర

భారతదేశపు మంచినీటి పఫర్లలో శాస్త్రగ్రంథాలకు ముందుగా ఎక్కినది లియోడాన్ కట్‌కుటియా. గంగానది చేపల మీద రాసిన గ్రంథంలో ఫ్రాన్సిస్ హామిల్టన్ దీన్ని 1822లో వర్ణించాడు. ఇప్పుడు అక్వేరియాల్లో అందరికీ తెలిసిన మరుగుజ్జు పఫర్‌ను 1941లో సుందర్‌లాల్ హోరా, కె.కె. నాయర్ వర్ణించారు. వాళ్లకు దొరికిన నమూనాలు తిరువాన్కూరులోని పంపా నదివి. అందుకే దాని శాస్త్రీయ నామం కారినోటెట్రాడాన్ ట్రావన్‌కోరికస్. కేరళ, కర్ణాటకల్లోని పశ్చిమ కనుమల నదులు తప్ప దీనికి మరో పుట్టిల్లు లేదు. చాలా దగ్గరి పోలికలున్న మరో జాతిని 1999లో బ్రిట్జ్, కొట్టెలాట్ గుర్తించి కారినోటెట్రాడాన్ ఇమిటేటర్ అని పేరు పెట్టారు. ఇమిటేటర్ అంటే అనుకరించేది.

అక్వేరియం వ్యాపారం కోసం ఈ చేపలను చాలాకాలం నదుల నుంచే పట్టారు. ఆ వేట, నదీతీరాల విధ్వంసం కలిసి మరుగుజ్జు పఫర్‌ను అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమితి జాబితాలో ముప్పులో ఉన్న జాతుల సరసన చేర్చాయి. తొట్టిలో గుడ్లు పెట్టించి పిల్లలు తీయడం సాధ్యమే కాబట్టి, తొట్టిలో పుట్టిన చేపలు దొరికితే వాటినే కొనడం మేలు.

ప్రవర్తన

తోటి చేపల ఎంపికకు మూలం పఫర్ వేటాడే తీరు. ఇది నోరు తెరుచుకుని గుంపుగా మేసే చేప కాదు. కళ్లను విడివిడిగా తిప్పుతూ, ఒక్కో పురుగును, ఒక్కో నత్తను ఎంచుకుని, దాని చుట్టూ తిరిగి చూసి, ఆ తర్వాతే కొరుకుతుంది. పక్క రెక్కలు, వీపు రెక్క, ఆసన రెక్కలతో ఈదుతుంది కనుక ఉన్నచోటే నిలబడగలదు, వెనక్కీ కదలగలదు. కానీ వేగంగా పరుగెత్తలేదు. ఈ తీరు నుంచి మూడు సంగతులు తేలుతాయి.

మొదటిది, వేగంగా తినే చేపలు పక్కన ఉంటే పఫర్ ఆకలితో మాడుతుంది. తొట్టిలో మేత వేసిన అర నిమిషంలో జీబ్రా డేనియోలు ఊడ్చేసే రక్తపురుగులను పఫర్ అప్పటికి ఇంకా పరిశీలిస్తూ ఉంటుంది. రెండోది, నెమ్మదిగా కదిలే, పొడవాటి రెక్కలున్న చేప పఫర్ కంటికి మేతలాగే కనిపిస్తుంది. బెట్టా, గప్పీ, ఏంజెల్, గౌరామీలు రెక్కలు కొరికించుకునేది అందుకే. మూడోది చాలామంది పట్టించుకోని విషయం: పఫర్ తొట్టిలో ఒక ఎత్తుకు కట్టుబడి ఉండదు.

చెరువు చేపల పెంపకం తెలిసిన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల పాఠకులకు ఈ మూడో సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. చెరువులో బొచ్చె పైనీటిలో, రవ్వ నడిమి నీటిలో, మోసు అడుగున మేస్తాయి. ఒకదాని మేతకు మరొకటి అడ్డం రాదు. దేశంలో 1971 నుంచి సమన్వయ పరిశోధనగా సాగిన మిశ్రమ చేపల పెంపకానికి పునాది ఈ మెట్ల లెక్కే. అక్వేరియం పుస్తకాలు కూడా పైచేప, నడిమిచేప, అడుగుచేప అంటూ ఇదే లెక్క చెబుతాయి. పఫర్ దగ్గర ఆ లెక్క పనిచేయదు. అది అద్దం మీది నత్త కోసం పైకి పోతుంది, ఇసుకలోని పురుగు కోసం కిందికి దిగుతుంది, మధ్యలో ఎదురైన తోకను రుచి చూస్తుంది. బొచ్చె పిల్లలున్న చెరువులో కొర్రమట్టను ఎవరూ కావాలని వదలరు కదా. పఫర్ విషయంలోనూ ముందుగా రావలసింది ఆ జాగ్రత్తే.

జాతులు

మరుగుజ్జు పఫర్ (బఠాణీ పఫర్ అని కూడా అంటారు) సాధారణంగా రెండున్నర సెంటీమీటర్లు, గరిష్ఠంగా మూడున్నర. మగచేపకు కళ్ల వెనుక ముడతల్లాంటి గీతలు, పొట్ట మధ్య నల్లని చార ఉంటాయి. ఆడచేప గుండ్రంగా, చుక్కలతో ఉంటుంది. నదిలో గుంపుగా తిరిగే చేపే అయినా ఇరుకు తొట్టిలో మగవి ఒకదాన్నొకటి తరుముతాయి.

ఆగ్నేయాసియాకు చెందిన ఎర్రకన్ను పఫర్లు, అంటే కారినోటెట్రాడాన్ లార్టెటి, కారినోటెట్రాడాన్ ఇరుబెస్కో, దీనికంటే కొంచెం పెద్దవి, చాలా ఎక్కువ కోపిష్ఠివి. రెండు మగవాటిని ఒక తొట్టిలో ఉంచడం అంటే ఒకదాన్ని చంపించడమే. పావో ప్రజాతి పఫర్లు ఇసుకలో పొంచి ఉండి వేటాడతాయి. వాటికి తోడు అనే ప్రశ్నే లేదు.

వీటన్నిటికీ భిన్నమైనది అమెజాన్ నదికి చెందిన కొలొమెసస్ అసెల్లస్. నల్లని అడ్డపట్టీలున్న ఈ చేప ఎప్పుడూ ఈదుతూనే ఉంటుంది, తన జాతితో గుంపు కడుతుంది, వేగంగా కదిలే ఇతర చేపలతోనూ చాలావరకు సర్దుకుంటుంది. కానీ దీని పళ్లు త్వరగా పెరుగుతాయి. గట్టి నత్తలు దొరక్కపోతే నోరు మూసుకుపోయేంత పెరిగి, వాటిని కత్తిరించాల్సి వస్తుంది. సర్దుకుపోయే గుణం ఉందని కొని, పళ్ల సంగతి మరిచిపోయేవాళ్లే ఎక్కువ.

సొంత జాతే తోడు

మరుగుజ్జు పఫర్‌కు అన్నిటికంటే నమ్మకమైన తోడు మరో మరుగుజ్జు పఫరే. ఒక మగచేపకు రెండు మూడు ఆడచేపల లెక్కన, ఆరుకు తగ్గకుండా ఉంచితే తరిమే కోపం ఒక్కదాని మీదే పడకుండా పంచుకుపోతుంది. రెండే చేపలుంటే బలహీనమైనది మూలకు చేరి మేత మానేస్తుంది.

మన దుకాణాల్లో తొట్లు అడుగుల లెక్కన దొరుకుతాయి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టిలో సుమారు 57 లీటర్లు పడతాయి. ఇసుక, రాళ్లు పోను 50 లీటర్లు మిగులుతాయనుకోవాలి. ఆరు మరుగుజ్జు పఫర్లకు ఇది కనీసం. ఇందులో ఇంకో జాతిని కలిపే ఆలోచన ఉంటే మూడడుగుల తొట్టి దగ్గర మొదలుపెట్టాలి. మొక్కలు దట్టంగా ఉండాలి: ఒక చివర ఉన్న చేపకు రెండో చివర ఉన్న చేప కనబడకూడదు. కొందరు తొట్టిని అందం కోసం ఖాళీగా ఉంచుతారు. చూసేవాళ్లకు బాగానే ఉంటుంది, లోపలున్న బలహీనమైన చేపకు దాక్కునే చోటుండదు.

ఇతర జాతులతో

పెంపకందారుల అనుభవంలో తరచూ వినిపించే పేరు ఓటోసింక్లస్. పాచి తినే ఈ చిన్న క్యాట్‌ఫిష్ మేతకు పఫర్‌తో పోటీ పడదు, అద్దానికి అతుక్కుని ఉంటుంది, రెక్కలు పొట్టి. చాలా తొట్లలో ఈ రెండూ కలిసి బతికాయి. అయితే దీని రెక్కలకు ముళ్లుంటాయి. పెద్ద జాతి పఫర్ మింగబోతే గొంతులో గుచ్చుకుని రెండూ చస్తాయి. కాబట్టి ఈ జోడు మరుగుజ్జు పఫర్‌కే పరిమితం.

నియాన్ టెట్రా వంటి చిన్న గుంపు చేపలతో ఫలితాలు ఒకేలా రావు. పది పదిహేను చేపల గుంపు, మూడడుగుల తొట్టి, దట్టమైన మొక్కలు ఉంటే నడిచిన సందర్భాలున్నాయి. అదే రెండడుగుల తొట్టిలో అయితే వారంలోపే తోకలు చిరుగుతాయి. కోరిడోరాస్ శాంతమైనవే కానీ అడుగున మెల్లగా తిరుగుతూ రక్తపురుగులను ముందే ఏరుకుంటాయి. గోల్డ్‌ఫిష్ అసలు పనికిరాదు: దానికి చల్లని నీరు, చాలా పెద్ద తొట్టి కావాలి, అది వదిలే వ్యర్థం పఫర్ తట్టుకోలేనంత. పెద్ద సిక్లిడ్‌లకు మరుగుజ్జు పఫర్ మేత అవుతుంది. సక్కర్ చేప చిన్నప్పుడు పాచి తింటుందని కొంటారు. అది అడుగు దాటి పెరుగుతుంది.

రొయ్యల్లో చెర్రీ రొయ్యలు పెద్దవైతే కొన్నాళ్లు తప్పించుకుంటాయి, వాటి పిల్లలు మాత్రం ఒక్కటీ మిగలవు. నాచు దట్టంగా ఉంటే రొయ్యల సంఖ్య నిలబడవచ్చు. వాటిని తోటి జీవులనడం కంటే నడిచే మేత అనడం నిజాయితీ. అమానో రొయ్య పెద్దది కాబట్టి కొంత నయం. నత్తల సంగతి వేరే చెప్పాలి (చూ. నత్తలు, మేత).

నీరు: చివ్వెంల పరిసరాలు

తోటి చేపల జాబితాలు ఎక్కువగా మెత్తని, చల్లని నీరున్న దేశాల్లో తయారైనవి. వాటిని యథాతథంగా సూర్యాపేటకు తెచ్చుకుంటే సగం పేర్లు రాలిపోతాయి. హైదరాబాద్–విజయవాడ 65వ నంబరు జాతీయ రహదారి మీద, పెద్దగట్టు జాతర జరిగే దురాజ్‌పల్లిని కలుపుకొని ఉన్న చివ్వెంల మండలంలోనూ, పాత నల్లగొండ జిల్లా అంతటా నేల అడుగున ఉన్నది గ్రానైట్ రాయి. బోరు నీరు సాధారణంగా కఠినం, క్షార గుణం కలది. ఈ జిల్లాల పేరు చెప్పగానే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. అది మనుషుల ఎముకల సమస్య. అక్వేరియం పెంపకందారు ముందుగా చూడాల్సినవి కాఠిన్యం, పీహెచ్, క్లోరిన్.

మరుగుజ్జు పఫర్ మెత్తని నీటి నదుల్లో పుట్టినా, పీహెచ్ 7 నుంచి 8 వరకు, ఓ మోస్తరు కాఠిన్యం వరకు నిలకడగా ఉంటే సర్దుకుంటుంది. నియాన్ టెట్రా ఈ నీటిలో కొన్నాళ్లు ఈదుతుంది తప్ప కుదురుకోదు. ఓటోసింక్లస్ కూడా వేసవిలో తట్టుకోలేదు. అంటే పుస్తకంలోని తోడు చేపలకంటే పఫరే ఈ ప్రాంతానికి ఎక్కువ పొసుగుతుంది. మెత్తని నీటి చేపలు కావాలనుకునేవారు ఊళ్లో ఆర్‌.ఓ. ప్లాంటు నుంచి తెచ్చే 20 లీటర్ల క్యాన్ నీటిని బోరు నీటితో కలిపి కాఠిన్యం తగ్గించుకోవచ్చు. ఆర్‌.ఓ. నీరు ఒక్కటే పోయకూడదు. అందులో ఖనిజాలు లేకపోవడంతో పీహెచ్ నిలవదు. మిషన్ భగీరథ నల్లా నీటిలో క్లోరిన్ ఉంటుంది కనుక సోడియం థయోసల్ఫేట్ వంటి మందు వేసి గాని తొట్టిలో పోయరాదు.

పీహెచ్ ఎక్కువున్న నీటిలో అమ్మోనియా ప్రమాదం పెరుగుతుంది. 25 డిగ్రీల వద్ద పీహెచ్ 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో విషరూపం ఒక శాతానికంటే తక్కువ; పీహెచ్ 8కి చేరితే అది ఐదు శాతం దాటుతుంది. పొలుసుల్లేని పఫర్‌కు ఇది త్వరగా తగులుతుంది. అందుకే కొత్త తొట్టిలో ఫిల్టర్ బాక్టీరియా స్థిరపడే దాకా, అంటే సుమారు నాలుగు నుంచి ఆరు వారాలు, పఫర్‌ను వదలకూడదు. తోటి చేపలను కలిపే కొద్దీ వ్యర్థం పెరుగుతుంది. చేపల మధ్య గొడవ లేకపోయినా తొట్టి నిండిపోవడమే ఒక్కోసారి అసలు శత్రువు.

తర్వాతిది ఎండ. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ పగటి ఉష్ణోగ్రత 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి. గదిలోని తొట్టి నీరు 32 డిగ్రీలు చేరడం మామూలే. 20 డిగ్రీల నీరు లీటరుకు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలిగితే, 30 డిగ్రీల నీరు ఏడున్నర మిల్లీగ్రాములే పట్టుకుంటుంది. పఫర్‌కు 24 నుంచి 28 డిగ్రీలు సుఖం. తొట్టి మూత తీసి నీటి మీదికి ఫ్యాన్ గాలి తగిలిస్తే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. కరెంటు పోయినప్పుడు నడిచే బ్యాటరీ ఎయిర్ పంపు ఉంచుకోవడం అవసరం. శీతాకాలంలో హీటర్ అవసరం ఇక్కడ కొద్ది వారాలే.

స్థానిక చేపలు

మూసీ ప్రాజెక్టు నీళ్లొచ్చే చెరువుల్లో, మిర్యాలగూడ, కోదాడల వైపు సాగర్ ఎడమ కాలువ కింద దొరికే చిన్న చేపలను తెచ్చి తొట్టిలో వేయాలన్న ఆలోచన పిల్లలకు తప్పక వస్తుంది. బుడ్డపరకలు గట్టివి, ఇక్కడి నీటికి పుట్టుకతో అలవాటుపడ్డవి. కానీ మేత మీద ఎగబడతాయి, పఫర్‌కు ఏమీ మిగల్చవు. జెల్లలు రాత్రిపూట వేటాడతాయి, వాటి ముళ్లు ప్రమాదకరం. కొర్రమట్ట, 2016 నుంచి తెలంగాణ రాష్ట్ర చేప, పిల్లగా ఉన్నప్పుడు కూడా పఫర్‌ను మింగగలదు. కాలువ చేపలతోపాటు పరాన్నజీవులూ వస్తాయి. మరుగుజ్జు పఫర్ తొట్టికి స్థానిక చేపల్లో సిఫారసు చేయదగినది లేదు.

పంపా నదిలో పఫర్ పక్కనే వేరే చేపలు తిరుగుతున్నాయి కదా అనే వాదన ఒకటుంది. నదిలో తరిమించుకున్న చేపకు పారిపోవడానికి దారి ఉంటుంది. తొట్టిలో అద్దం ఉంటుంది.

నత్తలు, మేత

నత్త పఫర్‌కు మేత, ఆట, పళ్ల అరుగుదల మూడూను. చదునుగా చుట్టుకున్న రామ్స్‌హార్న్ నత్తలు, పల్చని చిప్ప ఉండే బ్లాడర్ నత్తలు మరుగుజ్జు పఫర్‌కు సరిపోతాయి. శంకు ఆకారపు గట్టి ట్రంపెట్ నత్తలు చిన్న పఫర్ పళ్లకు భారం. వేరే డబ్బాలో నత్తలను పెంచుతూ వారానికి కొన్ని వేయడం మంచి పద్ధతి. పఫర్ తొట్టిలోనే నత్తలు పెరగాలని ఆశించడం వృథా.

వరి మడుల్లో నత్తలు కోకొల్లలు. వాటిని నేరుగా తెచ్చి వేయరాదు: ఒకటి, మడుల్లో చల్లిన పురుగుమందు, రెండు, నత్తల్లో ఉండే ట్రెమటోడ్ పురుగుల లార్వాలు. పఫర్లు పొడి మేతను చాలావరకు తాకవు. గడ్డకట్టించిన రక్తపురుగులు, ఆర్టీమియా, డాఫ్నియా, శుభ్రమైన నీటి తొట్టిలో పుట్టిన దోమ లార్వాలు వీటి తిండి. తోటి చేపలుంటే మేతను రెండు చోట్ల వేయాలి: ముందు ఒక మూల వేగంగా తినేవాటికి, అవి అక్కడ తలమునకలై ఉండగా రెండో మూల పఫర్‌కు.

కలిపే పద్ధతి, తేడా సూచనలు

నదిలో పట్టిన పఫర్లలో పొట్టపురుగులు ఎక్కువ. మేత తింటున్నా పొట్ట లోపలికి పీక్కుపోతుంటే అదే కారణం కావచ్చు. కొత్త చేపలను నాలుగు వారాలు వేరే తొట్టిలో ఉంచి చూడాలి. రాగి కలిసిన మందులు మామూలు మోతాదులోనే పఫర్‌ను చంపగలవు. తోటి చేపకు జబ్బు చేస్తే దాన్ని వేరుచేసే వైద్యం చేయాలి. పఫర్‌ను వలతో పట్టి గాలిలోకి ఎత్తితే నీటికి బదులు గాలి మింగి ఉబ్బుతుంది, ఆ గాలి బయటికి రాకపోతే చనిపోవచ్చు. గ్లాసుతో నీటితోసహా పట్టాలి.

తోటి చేపలను ముందు వదిలి, పఫర్‌ను చివర వదలాలి. పఫర్ ముందే స్థిరపడితే తొట్టి మొత్తం తనదే అనుకుంటుంది. చిరిగిన తోకలు, మూలన దాక్కున్న చేప, రోజంతా అద్దం వెంట పైకీ కిందికీ తిరుగుతున్న పఫర్, పల్చబడుతున్న పొట్ట: వీటిలో ఏది కనిపించినా విడదీయాలి. రెండో తొట్టి గానీ, కనీసం మధ్యలో పెట్టే అడ్డుపలక గానీ సిద్ధంగా లేకుండా మిశ్రమ తొట్టి మొదలుపెట్టకూడదు. చాలా రోజులు శాంతంగా ఉన్న పఫర్ పెద్దయ్యాక మారడం అరుదేమీ కాదు.

చెరువులో వదలడం, విషం

కుదరని చేపను ఊరి చెరువులో వదిలేయడం చాలాచోట్ల అలవాటు. మరుగుజ్జు పఫర్ కృష్ణా, మూసీ నదుల చేప కాదు. ఇక్కడి చెరువులో అది బతకకపోవచ్చు. దానితోపాటు వచ్చిన సక్కర్ చేప మాత్రం బతుకుతుంది. అక్వేరియాల నుంచి బయటపడ్డ సక్కర్ చేపలు ఆంధ్రప్రదేశ్ చేపల చెరువుల్లో రైతులకు తలనొప్పిగా మారాయి. వద్దనుకున్న చేపను దుకాణానికి తిరిగి ఇవ్వడమో, మరో పెంపకందారుకు ఇవ్వడమో చేయాలి.

పఫర్ కుటుంబంలో టెట్రోడోటాక్సిన్, కొన్ని మంచినీటి జాతుల్లో సాక్సిటాక్సిన్ అనే విషాలు ఉంటాయి. వండినా ఇవి పోవు. తొట్టిలో చేయి పెట్టినందువల్ల ప్రమాదం లేదు. చచ్చిన పఫర్‌ను మాత్రం పిల్లికి, కోళ్లకు వేయకుండా మట్టిలో లోతుగా పాతిపెట్టాలి.